పోయొస్తాననే చెప్పాను

(జనవరి 3, సావిత్రీబాయి ఫూలే జయంతి నాడు మన పల్లెలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



పరదేశం పోయొచ్చిన పంతులు కదా, విమానం ముచ్చట్లు చెప్తాడని కొందరు కూచున్నట్టున్నారు. విమానంలో చెప్పుకునేదేం లేదు. కాళ్లు చాపుకునే చోటుండదు, అంతే. తిరిగొచ్చే ముందు రాత్రి తోటి వాలంటీర్ల దగ్గర సెలవు తీసుకున్నాను. ఆ రాత్రి గురించి చెప్తాను.

నేను పోయింది హంగేరి దేశం. అక్కడ మిష్కోల్ట్స్ అనే పట్నానికి దగ్గర్లో షాయోకాజా అని ఒక ఊరుంది. ఆ ఊళ్లో 2007లో ఒక బడి పెట్టారు. దాని పేరు డాక్టర్ అంబేడ్కర్ బడి! పెట్టినవాళ్లు రోమాలు, వాళ్ల మిత్రులు. జిప్సీలని లోకం ఈసడించే జనమే రోమాలు. వెయ్యేళ్ల కిందట మన ఉపఖండం నుంచి బయల్దేరి పోయినవాళ్లు. వాళ్ల పాత భాషలో నీళ్లను ఇప్పటికీ 'పానీ' అనే అంటారు. ఓర్షోష్ యానోష్ అనే రోమా ఒక పుస్తకంలో బాబాసాహెబ్ గురించి చదివి, మహారాష్ట్ర వచ్చి కళ్లారా చూసి, తన మిత్రుడు దెర్దాక్ తిబోర్‌తో కలిసి పని మొదలుపెట్టాడు. మధ్యలో చదువు ఆగిపోయిన పిల్లలను పన్నెండో తరగతి చివరి పరీక్ష దాకా తీసుకుపోవడమే ఆ బడి పని. అక్కడ ఆ పరీక్ష పాస్ కాకపోతే కాలేజీ గడప తొక్కలేరు.

అక్కడ కూడా ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. మనలాగే. కొన్ని ఇంటిపేర్లు వినగానే ఎవరో పోల్చుకుంటారు. అదీ మనలాగే. తెలివి తక్కువ పిల్లలని ముద్రేసి రోమా పిల్లలను వేరే బడుల్లో పడేస్తుంటే, ఇది వివక్షేనని యూరప్ మానవ హక్కుల కోర్టు 2013లో హంగేరి మీద తీర్పు చెప్పింది. 2008, 2009 రెండేళ్లలో రోమాల ఇళ్ల మీద రాత్రిపూట కాల్పులు జరిపి ఆరుగురిని చంపారు. అందులో ఒక చిన్న పిల్లాడు. కారంచేడులో మనవాళ్లూ ఆరుగురే.

నీళ్ల సంగతి కూడా వినండి. అదే జిల్లాలో ఓజ్ద్ అనే పట్నం ఉంది. 2013 ఆగస్టులో ఎండలు మండిపోతుంటే అక్కడి మునిసిపాలిటీ వీధి పంపులు కొన్ని మూసేసింది, కొన్నిట్లో ధార తగ్గించింది. ఆ పంపుల మీద బతికేది ఎక్కువగా రోమా పేటలే. గొడవయ్యాక తెరిచారు. ఈ సంగతి విన్న రోజు నేను పిల్లలకు 1927 మహద్ చెరువు కథ చెప్పాను. కారంచేడు మంచినీళ్ల చెరువు కథ చెప్పాను. తర్జుమా చేసే టీచరమ్మ మధ్యలో ఆగిపోయింది. పిల్లలే "తర్వాత? తర్వాత?" అని బల్ల కొట్టారు.

మేం నలుగురం వాలంటీర్లం ఒకే గదిలో వండుకు తినేవాళ్లం. నాగపూర్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఒక జర్మన్ కుర్రాడు, నేను, బుడాపెస్టులో చదువుకుంటా సెలవు రోజుల్లో వచ్చే మన తెలుగు కుర్రాడు. ఆ కుర్రాడి ఇంటిపేరు వినగానే నాకు తెలిసింది, భూములున్న కులం. అతనికీ నా సంగతి తెలుసు. చెప్పుకోలేదంతే. అక్కడి మిరప్పొడి రంగే గానీ ఘాటుండదు. దాంతోనే చారు కాచేవాణ్ణి. ఎవరి ప్లేటు ఏదో మాకు గుర్తుండేది కాదు. ఎవరికి దొరికింది వాళ్లు కడిగేవాళ్లు.

ఆఖరి రాత్రి భోజనాలయ్యాక ఒక్కొక్కరు నాలుగు మాటలు చెప్పాలన్నారు. పెద్దాయన లేచి జైభీమ్ అని, ఇంక మాట రాక కూచున్నాడు. జర్మన్ కుర్రాడు నా చొక్కా జేబులో పెన్ను పెట్టాడు. మన కుర్రాడు మాత్రం గిన్నెలు కడిగే దగ్గరికొచ్చి మెల్లగా చెప్పాడు. "మాస్టారూ, ఇక్కడ జిప్సీ పేటలో ఇల్లిల్లూ తిరిగాను. మా ఊళ్లో మీవాళ్ల పల్లెలోకి మాత్రం ఒక్కసారి కూడా పోలేదండీ. మా ఇంటికి రండి మాస్టారూ, అమ్మకి చెప్తాను."

ఏం చెప్పమంటారు? మీ అమ్మ ఏ ప్లేటులో పెడుతుంది బాబూ అని నోటిదాకా వచ్చింది. మా నాయన హోటలు బయట వేరే గ్లాసు కడుక్కుని తాగినవాడు. అది మర్చిపోయి వాటేసుకోడం నాకు చేతకాదు. అట్లాగని ఆ పిల్లాడు అబద్ధం ఆడట్లేదు, కళ్లలో నీళ్లున్నాయి. "వస్తాను నాయనా. ముందు నువ్వు మీ ఊరి పల్లెలోకి పోయి మంచినీళ్లడిగి తాగు. తాగినాక ఫోన్ చెయ్యి" అన్నాను. తలూపాడు. ఫోన్ ఇంకా రాలేదు. నేను కూడా చేయలేదు.

పొద్దున్నే బస్సు దగ్గరికి నా క్లాసు పిల్ల ఒకతె వచ్చింది. ఇరవై ఏళ్లుంటయ్, చంకలో బిడ్డ. పోయొస్తానన్నాను. మనం 'పోతాను' అనం కదా, అశుభం. వాళ్ల మాట 'విసోంట్‌లాటాష్రా'కి కూడా మళ్లీ చూసుకునేదాకా అనే అర్థం. ఆ పిల్ల నవ్వి, "అందరూ ఇదే అంటారు సార్. మీరు మంచోళ్లే, వస్తారు, ఫొటో దిగుతారు, పోతారు. మాకు పరీక్ష జూన్ దాకా ఉంటుంది" అంది.

బస్సులో నాకు ఆ పిల్ల మొహం కాదు, ఈ అరుగు గుర్తొచ్చింది. పదేళ్ల కిందట ఇక్కడే రాత్రి బడి నడిపాను. నా పిల్లల ఇంగ్లీషు మీడియం కోసం ఒంగోలు కాపురం పోయాను. తొమ్మిది మంది పిల్లలు పలకలు పట్టుకుని వచ్చి, లైటు లేక తిరిగిపోయారంట. ఆ దేశంలో నలుగురికి పేరు పేరునా చెప్పి వచ్చాను. మీకెవ్వరికీ ఒక్క మాట చెప్పలేదు. మరియమ్మ పిన్ని కొడుకు ఆ ఏడే చదువు మానేసి ఇటుకబట్టీకి పోయాడు. ఇప్పుడు ఆ వెనక నిలబడి వింటన్నాడు. తమ్ముడూ, నీకు క్షమాపణ చెప్తే ఆ ఏళ్లు రావని నాకు తెలుసు.

ఒంగోలు నుంచి ఆఖరి బస్సు ఆరింటికి ఇక్కడ దిగుద్ది. శనివారం, ఆదివారం నేనొస్తాను. మిగతా రోజులకు డిగ్రీ చదివే మన ఆడపిల్లలు ఇద్దరు ఒప్పుకున్నారు. చర్చి అరుగు మీద బల్బు మాడిపోయింది, కొత్తది తెచ్చాను. ఎవరన్నా స్టూలు పట్టుకొస్తే ఇప్పుడే ఎక్కిస్తాను.