పప్పు ప్యాకెట్ మీద రేటు వేసే ముందు
(మండల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



కంది కందిగా అమ్మి మోసపోతున్నం, పప్పు చేసి అమ్ముదామని మేం ఎనిమిది మందిమి కలిసి పది క్వింటాళ్లు పట్టించినం. కిలో 120కి అమ్మితే సరుకంతా వారంల పోయింది. సంబురపడ్డం. తర్వాత నోటుబుక్కు ముందటేసుకుంటే తెలిసింది, కిలోకు 15 రూపాయల పైన మేమే ఎదురు పెట్టుకున్నమని.

తప్పు ఎక్కడ జరిగింది? కిలో కంది 80, మిల్లు, కవరు కలిపి 12, మొత్తం 92 అనుకున్నం. 28 రూపాయలు లాభమని చెప్పుకున్నం. కిలో కందికి కిలో పప్పు రాదు కదా! మాకు క్వింటాల్‌కు 70 కిలోలే వచ్చింది. చిన్నపిల్లగాడు చెప్పే లెక్క, ఎనిమిది మంది పెద్దమనుషులకు తట్టలేదు.

సరైన లెక్క ఇది. కందికి 2025-26 మద్దతు ధర క్వింటాల్‌కు 8,000. కొనుగోలు కేంద్రంల పోస్తే అంత వస్తుంది కాబట్టి మన చేన్ల పండిందైనా అంతే వేసుకోవాలె. మిల్లుకు 600, కవర్లకు 280, బండికి 200. చెరిగి, ఏరి, ప్యాక్ చేసినందుకు రెండు కూలీలు 800. మొత్తం 9,880. పొట్టు, నూక దాణాకు అమ్మితే 380 వచ్చింది. మిగిలిన 9,500ని 70తో భాగిస్తే కిలోకు దాదాపు 136.

ఆ 800 మేం మొదట రాయనే లేదు. మా ఇంటామె అడిగింది: "పక్కోళ్ల చేనుకు పోతే దినానికి 400 ఇస్తరు, మన పప్పు ఏరితే ఏమిస్తరు?" నా దగ్గర జవాబు లేదు. మద్దతు ధర లెక్కల సొంత భూమి కౌలు, సొంత పెట్టుబడి వడ్డీ కలిపిన సీ2 ఖర్చు మీద 50 శాతం వేయాలని సర్కారును అడిగేటోళ్లం మనమే. మన ఇంట్ల ఆడోళ్ల కూలి మాత్రం మరిచిపోతం.

ఇగ దుకాణం సంగతి. పట్నంల 160కి అమ్మి, దుకాణమాయన నూటికి 15 పట్టుకుంటే మన చేతికి వచ్చేది 136. అంటే ఏం మిగల్లేదు. మా పిల్లలు జిప్పు ఉన్న మెరుపు కవరు అడిగిండ్రు, ఒక్కోటి 9 రూపాయలు. 4 రూపాయల కవరుతోనే ఇట్లుంటే, దాంతో ఇంకో 5 పోతయి. అరకిలో ప్యాకెట్లు చేస్తే కవర్లు రెండింతలు. అందుకే కవరు ఏదో, ఎంత సైజో ఖాయం చేసేటప్పుడే రేటు కూడా చూడాలె. ఎమ్మార్పీ అచ్చయినంక దాని మీద స్టిక్కరేసి పెంచుతమంటే కుదరదు.

ఈసారి సాదా కవరు, కిలో ప్యాకెట్. దుకాణం లేకుండ ముందే ఆర్డర్లు తీసుకొని 155కి ఇయ్యాలనుకుంటున్నం. మిగిలే 19లనే పురుగు పట్టింది, అమ్ముడుపోంది, ఆలస్యంగ వచ్చే పైసల వడ్డీ అన్నీ పోవాలె. 150 చాలని కొందరంటున్నరు. నాకైతే ధైర్యం చాలట్లేదు.

మిల్లుకు పోయే ముందు ఇంకోసారి కూసుందాం. మిల్లు చీటీలు, కవర్ల బిల్లులు ఉన్నోళ్లు తీసుకరండి. ఆడోళ్లను కూడా తోలుకరండి, ఎన్ని దినాలు ఏరిండ్రో వాళ్లకే తెలుసు.