చెవికి చదువు

(ఉగాదికి ముందు, మన సంఘము సంగీత తరగతి పిల్లల తల్లిదండ్రుల సమావేశములో చేసిన ప్రసంగము)



మేము సంగీత విద్వాంసులము కాము. పగలంతా గూడ్సు ఆఫీసులో రశీదులతో కుస్తీపట్టే గుమాస్తాలము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించినవారము. అయినా సంగీత తరగతి బాధ్యత మా మీద పడింది గనుక, ఈ ఏడాదిలో మేము నేర్చుకొన్న ఒక్క సంగతి మీకు మనవి చేసుకొంటాము.

నిరుడు ఉగాది సభ మీకు జ్ఞాపకమే. పన్నెండుమంది పిల్లలు కూర్చుని పాట అందుకొన్నారు. రెండవ చరణములో కరెంటు పోయింది. దానితోపాటు శ్రుతిపెట్టె నోరు మూసుకొంది. నాలుగు వరుసలు గడిచేసరికి ఒక్కొక్కరి షడ్జము ఒక్కొక్క దారి పట్టింది. మరునాడు కమిటీలో కూర్చుని మేము తీర్పు చెప్పాము: ఇద్దరు పిల్లలకు చెవి లేదు, వారిని బృందగానమునుంచి తప్పిద్దామని. అందులో ఒక కుర్రవాని తల్లి వచ్చి ఒకే ప్రశ్న అడిగింది. "చెవి లేదంటున్నారు అన్నయ్యగారూ, వాడికి వినడము ఎప్పుడైనా నేర్పించారా?"

మా దగ్గర జవాబు లేదు. గీతములు వ్రాయించాము, వల్లె వేయించాము. వినిపించి, ఏమి విన్నావని ఒక్కనాడూ అడుగలేదు.

అసలు మన పిల్లలకు చెవి లేకపోవడమేమిటి? ఇంట్లో "జగన్నాథ" అన్న నోటితోనే, వీధిలో ఒడియా నేస్తగాండ్రతో "జొగొన్నాథొ" అంటారు. అక్కడ అకారము గుండ్రముగా తిరుగుతుందని వారికి ఏ పంతులూ చెప్పలేదు. చెవి పట్టుకొంది, నోరు దాని వెంట నడిచింది.

మన రైల్వేలోనూ ఈ విద్య ఉన్నది. చక్రాలను సుత్తితో తట్టి చూసే పనివారి సంగతి పెద్దలకు తెలుసు. బాగున్న చక్రము గణగణ మ్రోగుతుంది, పగులు పట్టినది బొంగురుగా పలుకుతుంది. ఆ తేడా పుస్తకము చదివితే పట్టుబడదు. వందల చక్రాలు వినాలి. సంగీతములో ద్వారం వెంకటస్వామినాయుడుగారిని (1893-1964) తలచుకోండి. మనవలెనే పరాయిచోట, బెంగుళూరులో పుట్టినారు. చూపు మందము. అయినా 1919లో విజయనగరం సంగీత కళాశాలలో ఫిడేలు ఆచార్యులైనారు.

ఇక ఇంటివద్ద చేయదగినవి మూడు.

మొదటిది శ్రుతి. పాటకు ముందు ఐదు నిమిషాలు తంబురా గాని శ్రుతిపెట్టె గాని ఊరకే వినిపించండి. తంబురాలో మంద్రషడ్జపు తీగను శ్రద్ధగా వింటే, ఎవరూ మీటని అంతరగాంధారము అందులోనుంచి తేలివస్తుంది. దానినే స్వయంభూ గాంధారమంటారు. పిమ్మట బిడ్డచేత షడ్జము పట్టించి, పెట్టె ఆపండి. ఒక నిమిషము బడి కబుర్లు చెప్పించి, మళ్ళీ షడ్జము పట్టమనండి. అప్పుడు పెట్టె తిప్పి సరిచూడండి.

రెండవది స్వరము గుర్తుపట్టుట. మొదటి పాఠాలు 15వ మేళమైన మాయామాళవగౌళలో ఉండుట చెవికి ఎంతో మేలు. అందులో స-రి దగ్గర, రి-గ దూరము, గ-మ దగ్గర. ప-ద-ని-స కూడా సరిగ్గా అట్లే. మెట్ల ఎడము స్పష్టముగా తెలుస్తుంది. పెద్ద పిల్లలు అకారముతో ఒక స్వరము పాడాలి, చిన్నవారు పేరు చెప్పాలి. ముందు షడ్జపంచమాలు చాలు, తరువాత గాంధారము, రిషభ ధైవతాలు చివరకు. అవి కుదిరినాక శంకరాభరణము, కల్యాణి వినిపించండి. 29వ మేళానికీ 65వ మేళానికీ మధ్యమము ఒక్కటే తేడా. ఆ ఒక్కటి పట్టినవాడు నెగ్గినట్టే.

మూడవది లయ. ఆదితాళము ఎనిమిది అక్షరాలు. ఒక ఆవర్తము పైకి పాడి, ఒకటి మనసులో పాడుకొని, మూడవదానికి అందరూ ఒక్కసారిగా సమమున కలవాలి. ఎవరు ముందో ఎవరు వెనుకో వారికే తెలిసిపోతుంది, తిట్టనక్కరలేదు.

ఈనాడు ఫోనులలో స్వరము సరియో కాదో ముల్లు చూపే ఏర్పాట్లున్నాయి. వాడుకోండి. కాని తీర్పు ముందు చెవి చెప్పాలి, సాక్ష్యము తరువాత కన్ను చెప్పాలి. తారుమారైతే కన్నే సంగీతము నేర్చుకొంటుంది.

ఆ కుర్రవానిని మేము తప్పించలేదు. పది నెలలుగా ఈ సాధన చేస్తున్నాడు. గాంధారము దగ్గర ఇప్పటికీ ఒక్కొక్కప్పుడు జారుతాడు. జారినట్టు మాత్రము మాకంటె ముందు వాడికే తెలుస్తుంది. తానే ఆగి సరిచేసుకొంటాడు. మొన్న ఆదివారము మేమే శ్రుతిపెట్టె కావాలని ఆపి చూశాము. పన్నెండుమందిలో తొమ్మిదిమంది షడ్జము వదలలేదు. మిగిలిన ముగ్గురు పక్కవారిని విని మళ్ళీ చేరుకొన్నారు.

తల్లులారా, తండ్రులారా! మన బిడ్డలలో తెలుగు అక్షరాలు రానివారు చాలామంది. వారికి మన పాట గాని, మన మాట గాని చేరవలసిన తోవ చెవి ఒక్కటే. దానిని లేదని కొట్టివేయవద్దు. ఆ మాట మేము ఒకసారి అన్నాము, మళ్ళీ అనము. ఈ ఉగాదికి ఆ కుర్రవాడు ముందు వరుసలో పాడుతున్నాడు. అందరూ దయచేసి వినండి.

సెలవు.