ఆరు ఋతువుల తోట

(బెంగళూరు తెలుగు పౌరుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నగర వారసత్వ సంపదను గురించి నాలుగు మాటలు చెప్పవలసిందని నిర్వాహకులు కోరారు. నేను చరిత్రకారుణ్ణి కాను, వృక్షశాస్త్రం చదివినవాణ్ణి అంతకంటే కాను. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు బోధించిన ఉపాధ్యాయుణ్ణి. అయినా లాల్‌బాగును గురించి మాట్లాడటానికి నాకొక చిన్న అర్హత ఉంది. ఆ తోటకు నన్ను వేలు పట్టుకొని తీసుకువెళ్లినవారు మా నాన్నగారు. ఆయన కాలం చేసిన తరువాత ఒక సంవత్సరమంతా, ఆరు ఋతువులలోనూ, నేను ఒక్కణ్ణే ఆ తోటకు వెళ్లి వచ్చాను. ఆ ఏడాది నేను తెలుసుకొన్న సంగతి మీ ముందుంచుతాను.

మా నాన్నగారు హిందూపురం దగ్గరి పల్లెలో పుట్టారు. వరుసగా వానలు తప్పి, వేరుశనగ పంట చేతికి రాక, 1968లో రైలెక్కి ఈ ఊరికి వచ్చారు. ఒక బట్టల మిల్లులో పని దొరికింది. ఒకే గదిలో నలుగురితో కాపురం. సెలవునాడు ఆ గదిలో కూర్చోలేక నడుచుకొంటూ లాల్‌బాగుకు వెళ్లేవారట. మీలో చాలామంది పెద్దలకు ఆ రోజులు తెలుసు. కొత్త ఊళ్లో జేబులో డబ్బు లేనివాడు సాయంత్రందాకా కూర్చొన్నా ఎందుకు కూర్చొన్నావని అడగని చోటు చెట్టు నీడ ఒక్కటే.

ఆయన కన్నడం నేర్చుకొన్న బడి కూడా ఆ తోటే. చెట్లకు కట్టిన పలకల మీది అక్షరాలు దాదాపు మన అక్షరాలే కావడంతో కూడబలుక్కొని చదివేవారు. తనకు తెలిసిన చెట్టు కన్నడంలో ఏ పేరుతో ఉందో చూసి కంఠస్థం చేసేవారు. కానుగను ఇక్కడ హొంగె అంటారు. వేప బేవు, చింత హుణసె, నేరేడు నేరళె, రావి అరళి, మర్రి ఆల. నన్ను తీసుకువెళ్లే రోజుల్లో ప్రతి చెట్టు దగ్గరా ఆగి రెండు పేర్లూ చెప్పించేవారు. “చెట్టు ఒకటే అబ్బోడా, పిలుపులే రెండు. రెండు పిలుపులకూ పలికేదాన్ని పోగొట్టుకోగూడదు,” అనేవారు.

ఆ తోట చరిత్ర మీకు కొంత తెలిసే ఉంటుంది. 1760లో హైదర్ అలీ దానికి శ్రీకారం చుట్టాడు. ఆయన కుమారుడు టిప్పు సుల్తాన్ దూరదేశాలనుంచి విత్తనాలు, మొక్కలు తెప్పించి పెంచాడు. నలభై ఎకరాలతో మొదలైన ఆ వనం నేడు 240 ఎకరాలు. 1856లో అది ప్రభుత్వ వృక్షశాస్త్ర ఉద్యానమైంది. 1889 నవంబరు 30వ తేదీన అక్కడి గాజు భవనానికి పునాదిరాయి వేశారు. దాని ఇనుప స్తంభాలు స్కాట్లండులో పోతపోసి తెచ్చినవి.

ఈ వివరాలు చెప్పడంలో నా ఉద్దేశం ఒక్కటే. ఆ తోటలో మనం అబ్బురపడి చూసే చెట్లలో అనేకం వలస వచ్చినవే. ఎర్రగా విరగబూసే తురాయి మడగాస్కర్ దీవినుంచి వచ్చింది. ఊదాపూల జకరండా, గులాబీరంగు టబేబుయా, గొడుగులా పరచుకొనే నిద్రగన్నేరు అమెరికా ఖండాలనుంచి వచ్చినవి. వాటిని తెచ్చి పెంచినవారిలోనూ వలసవారున్నారు. గుస్టావ్ హెర్మన్ క్రుంబీగల్ అనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు 1908లో లాల్‌బాగు బాధ్యతలు స్వీకరించాడు. ఏ నెలలో చూసినా నగరంలో ఏదో ఒక జాతి చెట్టు పూచి ఉండాలని, ఒకటి రాల్చే వేళకు మరొకటి మొగ్గ తొడిగేటట్లు వీధుల వెంట చెట్లు ఎంచి నాటించాడు. ఆయన 1956లో ఈ ఊళ్లోనే కన్నుమూశాడు. ఎక్కడో పుట్టి, ఇక్కడివారికి పన్నెండు నెలల పూలు ఇచ్చి వెళ్లాడు.

ఆయనకు ముందు ఆ తోటను చూసుకొన్న జాన్ కామెరాన్ ఈ ప్రాంతానికి ఒక కూరగాయను తెచ్చాడని చెబుతారు. మనం దానిని బెంగుళూరు వంకాయ అంటాం. దాని పుట్టినిల్లు మెక్సికో వైపు. మా అమ్మ పెసరపప్పు వేసి దానితో కూర చేసినప్పుడల్లా మా నాన్నగారు తప్పకుండా ఒక మాట అనేవారు. “మనూళ్లో దీన్ని బెంగుళూరు వంకాయంటారు. బెంగుళూర్లోనేమో సీమె బదనెకాయి, అంటే సీమ వంకాయంటారు. ఏ ఊరూ దీన్ని తనదనుకోలేదు. అయినా పందిరేస్తే చాలు, కాస్తానే ఉంది.” రాయలసీమనుంచి వచ్చిన మనిషి ‘సీమ’ అన్న మాటను నొక్కి పలికి నవ్వేవారు. ఊరికి వెళితే ఆయనను బెంగుళూరాయన అనేవారు. ఇక్కడ ఆయన సీమాయన. ఆ నవ్వు వెనుక ఏముండేదో నాకు చాలా ఏళ్లు తెలియలేదు.

ఇక చెప్పడానికి కష్టమైన సంగతి చెబుతాను. ఆయన చివరి మాఘమాసంలో మంచంలోనుంచి లేచి కూర్చొని, “టబేబుయా పూసుంటుంది, ఒకసారి పోయొద్దామా?” అని అడిగారు. నాకు దిద్దవలసిన జవాబు పత్రాలున్నాయి. “వచ్చే ఆదివారం పోదాం నాయనా,” అన్నాను. ఆ ఆదివారం ఇంకేదో పని. మూడవ ఆదివారం నేనే అడిగాను. “రాలిపోయుంటాయిలే,” అన్నారు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. చెట్ల సంగతి తెలిసిన మనిషి కనుక ఉన్నమాట చెప్పారు. ఫాల్గునం ముగియకముందే ఆయన వెళ్లిపోయారు.

ఆ ఏడు మా ఇంట పండుగలు లేవు. ఉగాదినాడు వేపపూత తేలేదు, తోరణం కట్టలేదు. ఇంట్లో నిలవలేక పొద్దున్నే లాల్‌బాగుకు వెళ్లాను. కానుగ చెట్లు కొత్త చిగురుతో ఉన్నాయి. నూనె రాసినట్లున్న ఆ లేతాకుల మీద ఎండ మెరుస్తోంది. వసంతం మన ఇంట మైల ఉన్నదని ఆగదు. మొదట నాకు కోపం వచ్చింది. కాసేపటికి, ఎవరూ చెప్పించకుండానే, ‘కానుగ, హొంగె’ అని నా నోరే పలికింది.

గ్రీష్మంలో తురాయి, రేల కలిసి పూచాయి. ఎరుపు ఒక పక్క, పసుపు ఒక పక్క. నీడలో వృద్ధులు కూర్చొని ఉన్నారు. వారిలో తెలుగువారు, కన్నడిగులు, తమిళులు, ఉర్దూ మాట్లాడేవారు అందరూ ఉన్నారు. ఒక పెద్దాయన నన్ను పోల్చుకొని, “మీ తండ్రి రావటం లేదే?” అని కన్నడంలో అడిగారు. చెప్పాను. ఆయన పక్కకు జరిగి బెంచీమీద చోటిచ్చారు. అది మా నాన్నగారు కూర్చొనే చోటని అప్పుడే తెలిసింది. ఇరవై ఏళ్లుగా ఆ ఇద్దరికీ స్నేహమట. ఒకరి ఇల్లు ఒకరు చూడలేదు.

వర్ష ఋతువులో, స్వాతంత్ర్య దినోత్సవపు పుష్ప ప్రదర్శనకు జనం గాజు భవనం చుట్టూ బారులు తీరారు. చిన్నప్పుడు ఆ జనంలో మా నాన్నగారు నన్ను భుజాల మీద ఎక్కించుకొని పూలు చూపించేవారు. ఆయనకు నా కాళ్లు తప్ప ఏమి కనిపించి ఉంటుందో ఇన్నేళ్లకు ఆలోచన వచ్చింది.

శరత్తులో కబ్బన్ పార్కుకు వెళ్లాను. 1870లో ఏర్పడిన ఆ వనంలో ఎర్రని గ్రంథాలయ భవనం వెనుక నీడలు పొడుగ్గా పడే సాయంకాలాలంటే ఆయనకు ఇష్టం. తిరిగి వస్తూ దారిలో రాలిన ఆకాశమల్లి పూలు ఏరుకొన్నాను. కార్తికమాసం చివరి సోమవారంనాడు బసవనగుడిలో కడలెకాయి పరిషె, అంటే వేరుశనగల జాతర. ఆయన ఏ సంవత్సరమూ దానిని తప్పించుకోలేదు. వేరుశనగ పండక ఊరు విడిచిన మనిషి, రాసులు పోసిన కాయల మధ్య నిలబడి, ఒక కాయ నలిపి వాసన చూసి, ఏ నేలలో పండిందో చెప్పడానికి ప్రయత్నించేవారు. ఆ సంవత్సరం నేను రెండు శేర్లు కొన్నాను. ఇంటికి వచ్చి వాటిని పోయడానికి ఆయన చేతిసంచి తీశాను. దాని లోపలి అరలో పాత వేరుశనగ తొక్కలున్నాయి. తోటలో కూర్చొని తిన్న కాయల తొక్క ఒక్కటైనా నేలమీద వేయకుండా సంచిలో వేసుకొని ఇంటికి తెచ్చేవారు. చివరిసారి తెచ్చినవి పారవేయడం మరచినట్లున్నారు. మా అమ్మా నేనూ ఆ సంచిని అలాగే కట్టి పెట్టాము.

హేమంతంలో, మంచు ఇంకా విడవని ఉదయం, తోటలోని బండ ఎక్కాను. దాదాపు మూడు వందల కోట్ల సంవత్సరాల వయసుగల శిల అది. జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తింపు పొందింది. దానిమీద కెంపేగౌడ గోపురం నిలిచి ఉంది. “ఇది మనూరి గుండు మాదిరే ఉంది” అని మా నాన్నగారు అక్కడ చెప్పులు విడిచి నడిచేవారు. నేనూ విడిచాను. రాయి చల్లగా ఉంది. ఈ శిల ముందు మొన్న వచ్చినవాడెవడు, నిన్న వచ్చినవాడెవడు? హైదర్ అలీ, క్రుంబీగల్, మా నాన్నగారు, మనం, అందరమూ ఒకే ఉదయాన వచ్చినవాళ్లమే.

చివరకు శిశిరం వచ్చింది. ఆకు లేని కొమ్మల నిండా టబేబుయా పూచింది. ఆ ఆదివారం కాదు, పూచిందని విన్న రోజే వెళ్లాను. బడికి సెలవు పెట్టాను. మా అమ్మను చక్రాల కుర్చీలో తీసుకువెళ్లాను. చెట్టు కింద పూలు పరచుకొని ఉన్నాయి. ఆమె చాలాసేపు పైకి చూసి, “ఆయన చెప్పినంత బాగానే ఉంది,” అన్నది. పెళ్లయి యాభై ఏళ్లు దాటినా ఆ పూలు చూడటానికి ఆమె ఎన్నడూ రాలేదని నాకు ఆ క్షణంలో తెలిసింది. సెలవునాడు కూడా ఆమెకు వంటింట్లో సెలవు లేదు. మేము తండ్రీకొడుకులం తోటలన్నీ తిరిగాము. ఆమెను పిలవాలని ఇద్దరికీ తోచలేదు.

సోదరీ సోదరులారా, బతుకుతెరువుకు వచ్చిన ఊరు ఎప్పుడు మనదవుతుందని మనం తరచు అడుగుకొంటాం. రేషను కార్డుతోనా, ఇల్లు కట్టుకొంటేనా, ఓటు వేస్తేనా? అవన్నీ అవసరమే. అయితే ఒక ఊరి చెట్టును ఆరు ఋతువులలోనూ చూసి, దాని పేరు ఆ ఊరి భాషలో పలికి, దాని కింద మన తొక్కలు వదలకుండా లేచి వచ్చినవాడు ఆ ఊరివాడే అని మా నాన్నగారి జీవితం నాకు చెప్పింది. ఆయన ‘సీమ’ అని నవ్విన నవ్వులో బాధ ఉండేది. అయినా పందిరి వేసుకొని కాసి చూపించారు.

కనుక మిమ్మల్ని కోరేవి స్వల్పం. పిల్లలను తోటకు తీసుకువెళ్లండి. ఒక్క పుష్ప ప్రదర్శనకు మాత్రమే కాదు, పూలు లేని రోజున కూడా. ప్రతి చెట్టుకూ తెలుగు పేరు, కన్నడ పేరు రెండూ చెప్పించండి. బెరడుమీద పేర్లు చెక్కనివ్వకండి, ఫొటోకోసం కొమ్మ వంచనివ్వకండి. తెచ్చుకొన్న తినుబండారాల చెత్తను మీ సంచిలోనే ఇంటికి తీసుకువెళ్లండి.

చివరగా ఒక్క మాట. మీ ఇంట్లో పెద్దవారెవరైనా పూలు చూడాలని అడిగితే, వచ్చే ఆదివారమనకండి. అడగనివారిని మీరే అడగండి. పూలకు గడువు తక్కువ.