జేసీబీ, పొక్లెయిన్: ట్రాక్టర్‌కి తగిలించిన ఇనప చెయ్యి కథ



2019 మే నెల గుర్తుందా మీకు? ఎండలు మండిపోతున్నాయి, ఎవరి ఫోన్ తీసినా "జేసీబీ కీ ఖుదాయీ" మీమ్స్. ఎక్కడో ఒక పసుపు మిషన్ గొయ్యి తవ్వుతుంటే చుట్టూ వందమంది చేతులు కట్టుకుని చూస్తున్న ఫొటోలు. మనం నవ్వుకున్నాం, షేర్ చేశాం, మర్చిపోయాం. నాకు మాత్రం అప్పట్నించీ ఒక డౌట్ ఉండిపోయింది. మా గుంటూరు వైపు ముందు బకెట్, వెనక చెయ్యి ఉన్న ప్రతి బండీ "జేసీబీ"నే, అది మహీంద్రాది అయినా సరే. గుండ్రంగా తిరిగే చెయిన్ల బండి అయితే "పొక్లెయిన్". టాటా హిటాచి అని అంత పెద్ద అక్షరాలతో రాసున్నా సరే, పొక్లెయినే. కొందరు "ప్రొక్లైనర్" అంటారు. అసలీ పేర్లు మన పత్తి చేలల్లోకి, మిరప తోటల్లోకి ఎక్కణ్ణించి వచ్చాయి?

వెతికితే తేలిన విషయం ఏంటంటే, ఈ రెండు కంపెనీలూ పెద్ద పెద్ద మిషన్లతో మొదలవ్వలేదు. రైతుకి పనికొచ్చే సామానుతో, రిపేర్లతో మొదలయ్యాయి. అంటే, మన ఊళ్ళో ట్రాక్టర్‌కి ముందు బ్లేడు తగిలించి డోజర్ ట్రాక్టర్ అంటాం చూడండి, ఇంచుమించు ఆ టైపు వ్యాపారం. దీన్నే అటాచ్‌మెంట్ అంటారు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్నాళ్ళూ రాసింది ప్లగిన్లే, అంటే వేరేవాళ్ళ అప్లికేషన్‌కి తగిలించే ముక్కలు. అందుకేనేమో ఈ కథ నాకు ఇంకొంచెం ఎక్కువ పట్టింది.

సరే, 1945కి వెళ్దాం. ఇంగ్లండ్‌లో అటాక్సిటర్ అని చిన్న ఊరు. అక్కడ బామ్‌ఫర్డ్ కుటుంబానిది వ్యవసాయ పనిముట్లు చేసే కంపెనీ. ఆ ఇంటివాడే జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్. జే, సీ, బీ. చూశారా, పేరు అక్కడే ఉంది! ఈయన ఇంటి కంపెనీ వదిలేసి బయటికొచ్చి, 12 అడుగులు ఇంటూ 15 అడుగుల గ్యారేజీ ఒకటి అద్దెకి తీసుకున్నాడు. ఒక పౌండు పెట్టి సెకండ్ హ్యాండ్ వెల్డింగ్ సెట్ కొన్నాడు. యుద్ధం అప్పుడే అయిపోయింది, మిలిటరీ వాళ్ళ పాత ఇనుము చవగ్గా దొరుకుతోంది. ఆ తుక్కుతో ఒక టిప్పింగ్ ట్రైలర్ చేసి సంతలో 45 పౌండ్లకి అమ్మాడు. ఆనాటి లెక్కలో పౌండుకి దాదాపు 13 రూపాయలు, అంటే మన డబ్బులో ఓ 600. ట్రైలర్ కొన్న రైతు ఆ డబ్బుతోపాటు తన పాత బండి కూడా ఇచ్చాడట. బామ్‌ఫర్డ్ దాన్నీ బాగుచేసి ఇంకో 45కి అమ్మేశాడు. పాత ఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో తీసుకుని రిఫర్బిష్ చేసి అమ్మడం అన్నమాట.

1948లో హైడ్రాలిక్‌తో లేచే ట్రైలర్ చేశాడు. 1949లో మేజర్ లోడర్. ఇది పూర్తిగా అటాచ్‌మెంటే. ఫోర్డ్‌సన్ మేజర్ అనే ట్రాక్టర్ ముందు తగిలిస్తే పేడ, మట్టి ఎత్తిపోస్తుంది. ట్రాక్టర్ ఫోర్డ్ వాళ్ళది, చెయ్యి ఈయనది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆ చెయ్యి ఎలా పనిచేస్తుందో చెప్పాలి. మాది సీఎస్‌ఈ కాబట్టి మెకానికల్ చదివిన ఫ్రెండ్‌ని కూర్చోబెట్టి చెప్పించుకున్నా. 1600లలో పాస్కల్ అనే ఆయన చెప్పింది ఇదీ: మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెడితే అది అన్ని వైపులకీ సమానంగా వెళ్తుంది. అందుకని సన్నటి పైపులో నూనెని పంపుతో నొక్కి లావు సిలిండర్‌లోకి పంపితే, అక్కడ బలం గుణించుకుపోతుంది. ఒక చిన్న లెక్క చూడండి. పది సెంటీమీటర్ల వ్యాసం ఉన్న సిలిండర్ అనుకుందాం. దాని అడ్డుకోత సుమారు 78 చదరపు సెంటీమీటర్లు. నూనె ఒత్తిడి 200 బార్ అంటే ఒక్కో చదరపు సెంటీమీటర్‌కి దాదాపు 200 కేజీలు. గుణించండి. పదిహేను టన్నుల పైమాటే! ఇంచుమించు మీ మోచేయంత లావుండే గొట్టం నెట్టే బలం అది. ఇంతకుముందు ఈ తవ్వే మిషన్లు దాదాపు అన్నీ ఇనప తాళ్ళు, కప్పీలతో నడిచేవి. భారీగా ఉండేవి, గనులకీ రైల్వేలకీ తప్ప మామూలోడికి అందేవి కావు. నూనె గొట్టాలు వచ్చాకే ఒక రైతు ట్రాక్టర్ మోయగలిగినంత చిన్న తవ్వుడు చెయ్యి సాధ్యమయింది.

మరి ఆ తవ్వుడు చెయ్యి మొదట ఎవరు చేశారు? బామ్‌ఫర్డ్ అనుకుంటున్నారా? కాదు.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో హబ్బర్డ్‌స్టన్ అనే ఊరు. వైనో హోలొపైనెన్, రాయ్ హ్యాండీ అని ఇద్దరు. ఇద్దరి పేర్లూ కలిపి కంపెనీకి వెయిన్-రాయ్ అని పెట్టుకున్నారు. 1947లో, ట్రాక్టర్ వెనక తగిలించే పూర్తి హైడ్రాలిక్ బ్యాక్‌హో చేసి పరీక్షించారు. బ్యాక్‌హో అంటే మన జేసీబీ వెనక చెయ్యే. 1948 ఏప్రిల్‌లో మొదటిది అమ్మారు, ఫోర్డ్ 8ఎన్ ట్రాక్టర్ మీద బిగించి. కొన్నది కనెక్టికట్ లైట్ అండ్ పవర్ అనే కరెంటు కంపెనీ, ధర 705 డాలర్లు. అప్పటి రేటుకి మన డబ్బులో రెండువేల మూడొందల దాకా.

ఇప్పుడు చెప్పండి, వెయిన్-రాయ్ అనే పేరు మీలో ఎంతమంది విన్నారు? నేనైతే ఈ ఎపిసోడ్ కోసం చదివేదాకా వినలేదు. మొదట చేసింది వాళ్ళు, పేటెంటు వాళ్ళది. కానీ అమ్మింది అటాచ్‌మెంటు. బండి మీద పెద్దగా కనపడే పేరు ఎవరిది? ఫోర్డ్‌ది. తర్వాత ఆ కంపెనీ చేతులు మారింది, పేరు ఆ రంగంలో వాళ్ళకి తప్ప ఎవరికీ తెలీకుండా అయిపోయింది.

బామ్‌ఫర్డ్ ఏం చేశాడంటే, నార్వే వెళ్ళినప్పుడు అక్కడొక చిన్న తవ్వుడు సామాను చూశాడు. తిరిగొచ్చి తనదైన డిజైన్ చేసి, 1953లో ట్రాక్టర్ ముందు తన లోడర్, వెనక తవ్వే చెయ్యి, రెండూ ఒకే బండి మీద పెట్టాడు. మార్క్ 1 అన్నారు దాన్ని. పసుపు రంగు వేసి, తన పేరులోని మూడు అక్షరాలు పెద్దగా రాశాడు. ట్రాక్టర్ ఇంకా ఫోర్డ్‌సన్‌దే! కానీ చూసేవాడికి కనపడేది జేసీబీ. నాకు ఈ కథ మొత్తంలో ఇదే అసలు మలుపు అనిపిస్తుంది. ఆ చేతి కన్నా కూడా ఈ పెయింటు పని. తర్వాత తర్వాత, ట్రాక్టర్‌కి తగిలిస్తే దాని చాసిస్ ఆ దెబ్బలకి తట్టుకోవట్లేదని, చేతుల కోసమే బండిని డిజైన్ చెయ్యడం మొదలైంది. 1957లో అమెరికాలో కేస్ కంపెనీ అలా ఫ్యాక్టరీలోనే ఒకటిగా చేసి అమ్మింది.

పొక్లెయిన్ కథ కూడా అదే దారి. ఫ్రాన్స్‌లో జార్జ్ బతాయ్ అనే ఆయన 1927లో పెట్టిన వ్యవసాయ యంత్రాల రిపేరు షాపు అది. 1951కల్లా హైడ్రాలిక్ ఎక్స్‌కవేటర్ చేసింది. మన దేశంలో ఎల్ అండ్ టీ వాళ్ళు ఆ టెక్నాలజీ తెచ్చుకుని తయారుచేశారు, ఆ పేరు అలా మన నోళ్ళలో పడిపోయింది. 1977లో కేస్ కంపెనీ పొక్లెయిన్‌లో 40 శాతం వాటా కొంది, మెల్లగా ఆ పేరుతో ఎక్స్‌కవేటర్లు రావడమే ఆగిపోయింది. ఇప్పుడు పొక్లెయిన్ హైడ్రాలిక్స్ అని మోటార్లు చేసే కంపెనీ ఉంది, అంతే. కానీ మీరు ఒంగోలు బస్టాండ్‌లో దిగి "పొక్లెయిన్ కావాలి" అనండి, ఎవరూ తెల్లమొహం వెయ్యరు.

ఇప్పుడు మన నేల మీదికి వద్దాం. ఇంగ్లండ్‌లో మార్క్ 1 వచ్చింది 1953 అన్నాను కదా. రెండేళ్ళకి, 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు. ఆ డ్యామ్‌ని కాంక్రీటుతో కాకుండా రాతితో కట్టారు. బయటి దేశాల మిషన్ల ఖర్చు తగ్గుతుంది, వేలమందికి పని దొరుకుతుంది అని. పలుగు, పార, తట్ట. పాలమూరు నుంచి వచ్చినవాళ్ళు, రాతిపని మట్టిపని వంశపారంపర్యంగా తెలిసిన వడ్డెరలు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకి నీళ్ళు వదిలారు. కుడి కాలువ కిందే కదా గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మన పత్తీ, మిర్చీ లక్షల ఎకరాల్లో పెరిగింది. అంటే ఈ మైదానం మొదటి తవ్వకం మనుషుల చేతులతో జరిగింది.

జేసీబీ ఇండియాకి వచ్చింది 1979లో, హర్యానాలో బల్లబ్‌గఢ్‌లో, ఎస్కార్ట్స్‌తో కలిసి. ఆ ఎస్కార్ట్స్ ట్రాక్టర్ల కంపెనీ అని మీకు తెలుసు, ఇక్కడ కూడా మళ్ళీ ట్రాక్టరే. 2003లో మొత్తం జేసీబీ చేతికి వచ్చింది.

ఇప్పుడు లెక్క చూడండి. నల్లరేగడి ఏప్రిల్‌లో ఎండితే గడ్డపార దిగదు, తడిస్తే పారని వదలదు. ఒక మనిషి రోజంతా ఒళ్ళు హూనం చేసుకుంటే రెండు మూడు క్యూబిక్ మీటర్లు. జేసీబీ వెనక బకెట్ ఒక్కసారికి పావు క్యూబిక్ మీటర్ ఎత్తుతుంది. అంటే పది పన్నెండు బకెట్లు. టీ తాగినంత సేపు కూడా పట్టదు.

అందుకే 2005 ఉపాధి హామీ చట్టంలో, కాంట్రాక్టర్లు ఉండకూడదు, మనుషులు చెయ్యగలిగిన పనికి మిషన్ పెట్టకూడదు అని రాశారు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం మొదలైంది. తవ్విన గొయ్యి కొలిచి కూలి ఇస్తారు. కొలత గొయ్యికే, ఎవరు తవ్వారన్నది గొయ్యి చెప్పదు. రాత్రిపూట మిషన్‌తో తవ్వించి పగలు మస్టర్ వేశారని పేపర్లో జిల్లా పేజీల్లో మీరూ చదివే ఉంటారు. నేను మిషన్‌కి వ్యతిరేకం కాదు. వరదకి పంట కాలువ గండి పడితే, ఆ రాత్రి మిర్చి తోట మునగకుండా కాపాడేది అదే. కానీ ఆ మీమ్‌లో నిలబడి చూస్తున్న వందమందిలో, ఒకప్పుడు ఆ గొయ్యి తవ్వి ఇల్లు నడిపినవాళ్ళు ఎంతమంది ఉంటారో అని ఇప్పుడు చూస్తే నవ్వు రావట్లేదు.

అటాచ్‌మెంట్ల కథ ఇంకా అయిపోలేదు. చీమకుర్తి వెళ్తే చూడొచ్చు. అక్కడి నల్ల గ్రానైట్, బంగారు చుక్కలు మెరుస్తాయి, గెలాక్సీ అంటారు. అక్కడ పొక్లెయిన్‌కి బకెట్ తీసేసి బ్రేకర్ బిగిస్తారు. దీన్ని జర్మనీలో క్రుప్ కంపెనీ 1967లో మార్కెట్లోకి తెచ్చింది. లోపల నూనె ఒక పిస్టన్‌ని పైకి నెడుతుంది, దాని వెనక నైట్రోజన్ గ్యాస్ నలిగి స్ప్రింగులా కిందికి తంతుంది, ఉలి మీద దెబ్బ పడుతుంది. నిమిషానికి వందల దెబ్బలు. అయితే మంచి దిమ్మె మీద బ్రేకర్ పెట్టరండోయ్, పగుళ్ళొచ్చి లక్షలు పోతాయి. దానికి డైమండ్ వైర్‌తో కోత. బ్రేకర్ పని పనికిరాని రాయి మీదే.

ఇక మన ఆటోనగర్లు. పళ్ళు అరిగిన బకెట్లు, బుష్‌లు పోయిన పిన్నులు, చీలిన బూములు, అన్నీ అక్కడికే. కొందరు పాత ప్లేటు కొట్టి కొత్త బకెట్టే చేసిచ్చేస్తారు. నల్లరేగడికి అంటుకోకుండా కాస్త లోతు తగ్గించి, కాలువ పూడిక తీయడానికి వెడల్పు చేసి. ఇది ఏ కంపెనీ క్యాటలాగ్‌లోనూ ఉండదు, మా నేల తెలిసినవాడి చేతిలోనే ఉంటుంది. అలాంటి ఒక వెల్డింగ్ షాపులో, అప్పుడే పెయింట్ వేసిన బకెట్ చూసి అడిగాను. "బాబాయ్, ఇంత బాగా చేశావుగా, దీని మీద నీ పేరు రాయొచ్చుగా?" ఆయన కళ్ళద్దాలు పైకెత్తి, "పేరు రాస్తే, రేపు ఎక్కడ విరిగినా నా గుమ్మంలోకే తెస్తారు అబ్బాయ్" అన్నాడు. పక్కన కుర్రాడు అప్పటికే దాని మీద స్టెన్సిల్ పెట్టి జేసీబీ అని కొడుతున్నాడు.

వచ్చే వారం ట్రాక్టర్ వెనక ఉండే మూడు కొక్కేల లింకేజీ గురించి మాట్లాడుకుందాం. హ్యారీ ఫెర్గూసన్ అనే ఐర్లండ్ ఆయనది, ఆ కథలో ఫోర్డ్ కంపెనీతో గొడవ కూడా ఉంది. ఉంటానండీ మరి.