పెద్దల పంచాయితీలో పసివారి మాట

 

ఆదోని జిన్నింగు మిల్లులో పత్తి సీజను ముగిస్తే కూలి ఆగిపోతుంది. ఎమ్మిగనూరులో మగ్గం ఆగితే పొయ్యి వెలగదు. వానలు లేని ఏట దంపతులు గుంటూరు మిరప చేలకో, బెంగళూరు కట్టడాలకో వలస పోతారు. అప్పులు, ఎడబాటు, నిద్రలేమి క్రమంగా కలహాలుగా మారుతాయి. ఆ కలహాన్ని మాటలు రాని పసిబిడ్డ సైతం గ్రహిస్తుంది.

బిడ్డ పక్క తడిపినా, ఉలిక్కిపడి లేచినా 'నజర్' తగిలిందని తాయెత్తు కడతాము. దువా చేయండి, వైద్యునికీ చూపించండి. అయితే తల్లి ఎన్నాళ్లుగా నిద్రపోలేదో, తండ్రి ఎందుకు మూగవోయాడో కూడా విచారించండి.

దంపతుల నడుమ వైరం ముదిరితే ఇరుపక్షాల నుండి చెరొక మధ్యవర్తిని నియమించమని దివ్య ఖురాన్ నిసా సూరా 35వ ఆయత్ ఆదేశిస్తున్నది. మన పంచాయితీలలో మెహర్, జహేజ్ లెక్కలు అర్ధరాత్రి దాకా తేలుస్తాము. అటువంటి ఒక రాత్రి ఒప్పంద పత్రం నేనే వ్రాశాను. తల్లి కొంగు పట్టుకొని నిలిచిన నాలుగేళ్ల పాపను మాలో ఎవ్వరమూ పలకరించలేదు. ఆ తప్పు నాది కూడా.

మానసిక చికిత్స దయాధర్మం కాదు, 2017 నాటి చట్టం ఇచ్చిన హక్కు. చికిత్సాలయంలో ఉన్న తల్లి నుండి మూడేళ్లలోపు బిడ్డను సాధారణంగా వేరు చేయరాదని కూడా ఆ చట్టం చెబుతున్నది. 14416 టెలి మానస్ నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చును. ఈ నంబరును ప్రతి మసీదు గోడపై వ్రాయించండి. ఇకపై ప్రతి పంచాయితీలో మొదటి ప్రశ్న బిడ్డ గురించే అడగండి.