నమూనా ఓడకు ప్రక్కమోకులు

మన నందిపేట్ చెంతను ప్రవహించు గోదావరి సముద్రమును సమీపించుచోట, కోరంగి, తాళ్లరేవులయందు పూర్వము తెరచాప ఓడలు నిర్మింపబడెడివి. శాతవాహన రాజగు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు స్తంభముల ఓడ నేటికిని కానవచ్చును. అట్టి ఓడకు నమూనా చేయువారు, స్తంభమును ఇరువైపుల నిలుపు మోకులయందు మిక్కిలి శ్రద్ధ వహింపవలెను.

తేనెమైనము పూసిన దారమును నడిమికి మడచి, ఆ మడతను స్తంభాగ్రమునకు తొడిగి, దాని దిగువనే సన్నదారముతో చుట్టి బిగించినచో ఒక జత యగును. మొదటి జత కుడికి, రెండవది ఎడమకు, మరల కుడికి. ఇదియే క్రమము. ఒకేవైపు మోకులన్నియు ముందుగా బిగించినచో స్తంభము అటే యొరగును. క్రిందికొసలను మూడేసి రంధ్రముల చెక్కబిళ్ళలకు కట్టి, ఓడ ప్రక్కనున్న బిళ్ళలతో సన్నదారమున కూర్చుడు. స్తంభము నిటారుగా నున్నదని చూచుకొనిన పిదపనే ముడి బిగింపుడు. మరల చెప్పుచున్నాను: కుడికొక జత, ఎడమకొక జత, ముడి మాత్రము అన్నిటికిని చివరనే.