సగంలో ఆపిన మందు

 

మెట్రిక్ మూడోసారికి గట్టెక్కిన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తో 16 మంది పిల్లల్లో 10 మందికి లుకేమియా తగ్గిందని 1948లో సిడ్నీ ఫార్బర్ ప్రకటించారు. కానీ జబ్బు మళ్లీ తిరగబెట్టింది.

ఎందుకు? ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ ఒక ఎంజైమును అడ్డుకుంటుంది. కొన్ని కణాలు ఆ ఎంజైము జన్యువుకు ఎన్నో నకళ్లు తయారుచేసుకుంటాయని 1978లో తేలింది. అప్పుడిక మందు చాలదు. అందుకే ఇప్పుడు చాలా క్యాన్సర్లకు రకరకాల మందులు కలిపి, విడతలుగా ఇస్తున్నాం.

మా అమ్మ "తగ్గిందిగా" అంటూ మూడో విడతకే ఆపేసింది. మెడిసిన్ చదువుతూ కూడా నేను గట్టిగా చెప్పలేకపోయాను. ఏడాదిలోపే పోయింది.

మీ ఇళ్లల్లో ఎవరికైనా అవసరపడితే, డాక్టరు చాలనేదాకా మందు ఆపనివ్వకండి. లెక్కల మాస్టారూ, సగంలో వదిలిన లెక్కకు మీరు మార్కులు వేసేవారు కాదు.